అద్దం చూసుకోవడం వేరు, అద్దం పట్టుకుని తిరగడం వేరు

2021 మే నెలలో మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసింది పల్స్ ఆక్సీమీటర్. అమ్మకీ నాకూ కోవిడ్. ఇద్దరికీ తేలిగ్గానే వచ్చిపోయింది. అమ్మ మూడో రోజుకే దాన్ని పక్కన పడేసి, ఆవకాయ కలుపుకుని అన్నం తినేసింది. నేను మాత్రం రోజుకు ముప్పై నలభై సార్లు వేలికి తగిలించుకునేవాణ్ణి. 97 వస్తే 98 వచ్చేదాకా వేళ్ళు మార్చి మార్చి చూసేవాణ్ణి. దాని మీద ఇంకో అంకె కూడా ఉంటుంది కదా, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పేది. ఆక్సిజన్ భయం తీరాక నా చూపు దాని మీద పడింది. 88. ఎందుకు 88 ఉంది? అనుకుంటుండగానే 94. ఇదేంటి? 101. అప్పటిదాకా లేని దడ అప్పుడు మొదలయ్యేది.

బయోఫీడ్‌బ్యాక్ అనే మాట నాకు అప్పటికి తెలియదు. ఒంట్లో జరిగేదాన్ని ఒక యంత్రం బయటికి చూపిస్తుంది, అది చూస్తూ మనిషి తనలో మార్పు తెచ్చుకుంటాడు. అంతే దాని సంగతి. ఆ రాత్రుల్లో నేను చేసిందీ అదే, కాకపోతే మార్పు ఎదురు దిక్కులో వచ్చింది. ఆ తర్వాత ఏడాదిలో అలాంటి క్లిప్పునే, వేలికి బదులు చెవికి పెట్టుకుని, నా గాభరా తగ్గించుకున్నాను. అదే వెలుగు, అదే నాడి. ఒకసారి ముంచింది, ఒకసారి తేల్చింది. ఎందుకలా అన్నది నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

నేను తెనాలిలో ట్యాక్స్ ప్రాక్టీషనర్ని. బట్టల కొట్లు, ఎరువుల దుకాణాలు, రెండు మూడు రైస్ మిల్లులు నా పార్టీలు. నెలకు ముప్పై రోజులని అందరూ అనుకుంటారు, నాకు ఇరవయ్యే. 20వ తేదీ లోపు జీఎస్టీ 3బి రిటర్ను వెయ్యకపోతే రోజుకు 50 రూపాయల ఫీజు, ఆ పైన వడ్డీ. ఫీజు సంగతి అలా ఉంచండి, "మీ వల్లే కదండీ" అనే ఒక్క మాట దానికన్నా ఖరీదు. పార్టీలేమో 18 దాకా బిల్లులు పంపరు.

ఆ ఏడు అక్టోబరు 19 రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ళు జివ్వుమంటున్నాయి, ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. పోతున్నాననే అనుకున్నాను. మా ఆవిడా తమ్ముడూ కలిసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు, నార్మల్. డ్యూటీ డాక్టరు "గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంజెక్షన్ చేసి పంపించాడు. తెలుగునాట గుండెకీ మనసుకీ మధ్య వచ్చే ప్రతి బాధకీ గ్యాస్ అనే పేరు. తర్వాత 2డీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, థైరాయిడ్, అన్నీ అయ్యాయి. అన్నీ బాగున్నాయి. (ఇది చదివి ఎవరూ గుండెల్లో నొప్పి వస్తే టెన్షనేలే అని ఇంట్లో కూర్చోకండి. నాకు ముందు ఆ పరీక్షలు అయ్యాయి కాబట్టే మిగతా మాటలు చెప్పగలుగుతున్నాను.) గుండె డాక్టరుగారు చివర్లో, "మీ గుండె నాకన్నా బాగుంది, ఒకసారి సైకాలజిస్టుని కలవండి" అన్నారు. నాకు కోపం వచ్చింది. నాలుగు నెలలు ఆ చీటీని పర్సులో పెట్టుకుని తిరిగాను.

విజయవాడలో ఆ సైకాలజిస్టు మేడంగారి గదిలో మొదటి రోజు నన్ను ఆశ్చర్యపరిచింది యంత్రం కాదు, నా ఫోను. చూపుడు వేలికీ మధ్య వేలికీ రెండు చిన్న పట్టీలు చుట్టారు. వేళ్ళకు పట్టే చెమటను బట్టి చర్మం గుండా విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచేవి అవి. చిటికెన వేలికి ఉష్ణోగ్రత తీగ. చెవికి క్లిప్పు. పొట్ట చుట్టూ సాగే బెల్టు. కంప్యూటర్లో నాలుగు గీతలు. వెయ్యిలోంచి ఏడేసి తీసేస్తూ పైకి చెప్పమన్నారు. 993, 986, 979. లెక్కలు నాకు వక్కపొడి నమిలినంత. గీతలు పెద్దగా కదల్లేదు. కాస్త గర్వంగా కూడా అనిపించింది. అంతలో బల్ల మీద ఫోను వైబ్రేషన్లో గుర్రుమంది. మిల్లు పార్టీ. "పర్లేదు మేడం, ఆయన మళ్ళీ చేస్తారు" అని నవ్వుతూనే అన్నాను. ఆవిడ ఏం మాట్లాడకుండా పెన్నుతో తెర చూపించారు. చెమట గీత తాటిచెట్టు ఎక్కినట్టు ఎక్కుతోంది. పొట్ట బెల్టు గీత చదునుగా అయిపోయింది, అంటే ఊపిరి బిగబట్టాను. వేలి ఉష్ణోగ్రత 29 నుంచి మెల్లగా 28 వైపు జారుతోంది. ఇవన్నీ జరుగుతుండగా నా నోరు "పర్లేదు" అంటోంది.

నలభై మూడేళ్ళ వయసులో, నా "పర్లేదు" అబద్ధమని నాకు మొదటిసారి తెలిసింది.

ఇంటికి వచ్చేటప్పుడు రైల్లో ఒక సంగతి తట్టింది. ఆ నాలుగు గీతలకీ మన భాషలో ఎప్పట్నుంచో పేర్లున్నాయి. చెడ్డ కబురు వింటే "చేతులూ కాళ్ళూ చల్లబడ్డాయి" అంటాం. భయం వేస్తే చర్మం దగ్గరి సన్నని రక్తనాళాలు ముడుచుకుని వేళ్ళకు నెత్తురు తగ్గుతుంది, నిజంగానే చల్లబడతాయి. చిటికెన వేలి తీగ కొలిచింది దాన్నే. "ముచ్చెమటలు పోశాయి" అంటాం, అది చెమట పట్టీల పని. "ఊపిరి బిగబట్టి చూశాం" అంటాం, అది పొట్ట బెల్టు. "గుండె దడదడలాడింది" సరేసరి. రెండో వారం దవడ కండరానికి పెట్టిన ఎలక్ట్రోడుకి కూడా "పళ్ళు బిగబట్టి భరించాను" అనే మాట సిద్ధంగా ఉంది. మన పెద్దవాళ్ళకి ఇదంతా తెలుసు అని గొప్పలు పోవడానికి చెప్పడం లేదు. మాట ఉన్నా, నా ఒంట్లో అది జరుగుతున్నప్పుడు నాకు తెలియలేదే అన్నదే నా బాధ. రోజుకు పదిసార్లు చేతులు చల్లబడే మనిషికి పదకొండోసారి చల్లదనం తెలియదు. ఆ మొద్దుబారినతనాన్ని గీకడానికే యంత్రం కావాల్సి వచ్చింది.

గాభరాగా ఉన్నవాడికి ఎవరైనా చెప్పే సలహా ఒకటుంది: "గట్టిగా ఊపిరి తీసుకో." నాకు అందరూ చెప్పారు. నేనూ శ్రద్ధగా పాటించాను, ఛాతీ ఎగిరేలా పీల్చి పీల్చి వదిలాను. అది మంట మీద కిరోసిన్ పొయ్యడం. అవసరానికి మించి ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది పనికిరాని వాయువని బళ్ళో చదువుకున్నాం గానీ, మెదడుకు వెళ్ళే రక్తనాళాలు తగినంత తెరుచుకుని ఉండాలంటే అది కావాలి. తగ్గితే తల తిరుగుతుంది, పెదాలూ వేళ్ళూ తిమ్మిరెక్కుతాయి, గాలి చాలనట్టు ఉంటుంది. చాలడం లేదని ఇంకా పీలుస్తాం. అక్టోబరు 19 రాత్రి నాకు జరిగింది చాలావరకు ఇదేనని మేడంగారు బొమ్మ గీసి చెప్పారు. కూర్చుని ఉన్నప్పుడు నా ఊపిరి నిమిషానికి 19 సార్లు ఉండేది. ఆవిడ చెప్పిన మాట ఒక్కటే: "గట్టిగా వద్దు సార్, నెమ్మదిగా. ఎక్కువ గాలి వద్దు, ఎక్కువసేపు కావాలి."

ఇక అసలు పాఠం. ఊపిరి లోపలికి తీసుకుంటుంటే గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదులుతుంటే నెమ్మదిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా టిక్కుటిక్కుమని ఒకే తీరున కొట్టుకోదు. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం పట్టు వదులు చేస్తూ, బిగిస్తూ ఉంటుంది. దీనికి తోడు మెడలోని పెద్ద ధమనుల్లో, గుండె మీది బృహద్ధమనిలో రక్తపోటును కనిపెట్టే నరాలుంటాయి. పోటు పెరిగితే గుండెను తగ్గమంటాయి, తగ్గితే పెరగమంటాయి. ఈ కబురు వెళ్ళి, పని జరిగి, మళ్ళీ మొదటికి రావడానికి సుమారు పది సెకన్లు పడుతుంది. నిమిషానికి ఆరుసార్లు ఊపిరి తీస్తే ఒక్కో ఊపిరికీ పది సెకన్లే. రెండూ కలిసిపోతాయి. అట్లతద్దినాడు ఉయ్యాల ఊపినట్టు. సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణంలో తోస్తే కొద్దిపాటి బలానికే కొమ్మ అందుతుంది. తప్పు క్షణంలో తోస్తే ఎంత కండ ఉన్నా ఉయ్యాల వంకరపోతుంది. రష్యా నుంచి వెళ్ళిన ఎవ్‌గెనీ వాషిల్లో, అమెరికాలో పాల్ లేహరర్ ఈ లయనే పట్టుకుని పద్ధతిగా మార్చారు. ఆ లయ అందరికీ ఒకటి కాదు, నిమిషానికి నాలుగున్నర నుంచి ఆరున్నర ఊపిర్ల మధ్య ఎవరిది వాళ్ళకుంటుంది. ఒక్కో వేగంలో కాసేపు ఊపిరి తీయించి, గుండె గీత ఎక్కడ పెద్ద నున్నని అలలుగా లేస్తుందో చూస్తారు. నాది అయిదున్నర దగ్గర తేలింది.

ఆ గీత మొదటిసారి నున్నగా లేచినప్పుడు నేను ఏమీ "ప్రయత్నించడం" లేదు. అది నేను మర్చిపోలేను. అంతకుముందు అరగంట గీతను అల చెయ్యాలని పట్టుబట్టాను, అది రంపపు పళ్ళలా తిరిగింది. విసుగొచ్చి వదిలేసి, వదిలే ఊపిరి మీద మాత్రం మనసు పెట్టి కూర్చున్నాను. అప్పుడు లేచింది. నాకన్నా ముందు నా పొట్టకి అర్థమైంది.

"దీనికి ఇంత యంత్రం ఎందుకు, ప్రాణాయామం చేస్తే పోయేది కదా" అని మీరు ఈపాటికి అనుకుంటూ ఉంటారు. మా బాబాయ్ కూడా అదే అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక పరిశోధన అచ్చువేసింది. 23 మందితో లాటిన్లో మరియమ్మ జపమాల చదివించారు, ఓం మణి పద్మే హుం మంత్రం కూడా జపింపజేశారు. రెండు సందర్భాల్లోనూ ఊపిరి నిమిషానికి ఇంచుమించు ఆరుకు దిగింది. అది చదివాక నేనో పని చేశాను. పొద్దున్నే అమ్మ విష్ణు సహస్రనామం చదువుతుంటే పక్కన పేపరు చదువుతున్నట్టు కూర్చుని ఆవిడ ఊపిర్లు లెక్కపెట్టాను. శ్లోకానికొకటి, అక్కడక్కడా మధ్యలో చిన్న దొంగ ఊపిరి. నిమిషానికి ఆరు, ఏడు. యాభై ఏళ్ళుగా ఏ బెల్టూ కట్టుకోకుండా ఆవిడ అయిదున్నర దరిదాపుల్లో తిరుగుతోంది.

మరి నాకెందుకు పట్టుబడలేదు? నేను యోగా క్లాసుకి వెళ్ళాను, ఆర్నెల్లు. ముప్పై మందిమి ఒక హాల్లో, ముందు గురువుగారు మైకులో. నేను పొట్టతో కాకుండా భుజాలతో ఊపిరి తీస్తున్నానని ఆయనకు కనబడే వీలు లేదు, నాకు తెలిసే వీలూ లేదు. పొట్ట బెల్టు మొదటి నిమిషంలోనే పట్టేసింది. పక్కన కూర్చుని కనిపెట్టే గురువు దొరికితే యంత్రం అక్కర్లేదని ఒప్పుకుంటాను. దొరకని చోట యంత్రం ఆ గురువు పని కొంత చేస్తుంది.

"మన ఋషులు ఎప్పుడో చెప్పారు" అనే వాట్సాప్ వర్గానికి ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1957లో మారియన్ వెంగర్, బసు కుమార్ బాగ్చీ అనే ఇద్దరు పరిశోధకులు యంత్రాలు మోసుకుని మన దేశమంతా తిరిగారు, గుండె ఆపగలమనే యోగుల్ని పరీక్షించడానికి. ఊపిరి బిగబట్టి ఛాతీ, పొట్ట కండరాలు బిగిస్తే నాడి చేతికి అందలేదు, స్టెతస్కోపులో చప్పుడు వినబడలేదు. ఈసీజీలో మాత్రం గుండె హాయిగా కొట్టుకుంటూనే ఉంది. 1970లో అమెరికాలోని కాన్సాస్‌లో, మెనింగర్ ఫౌండేషన్‌లో ఎల్మర్ గ్రీన్ అనే పరిశోధకుడు మన యోగి స్వామి రామాను పరీక్షిస్తే, స్వామి ఒకే అరచేతిలో రెండు పక్కల ఉష్ణోగ్రతలు వేరుగా చూపించారు. ఈ విద్య మీద అక్కడ ఆసక్తి పెరగడంలో మనవాళ్ళ పాత్ర ఉంది, కాదనను. కానీ చూడండి, గొప్పగా చెప్పుకున్న గుండె ఆపడం తేలిపోయింది. ఎవరూ చాటుకోని నిదానపు ఊపిరి నిలిచింది.

అటువైపు బయోఫీడ్‌బ్యాక్ శాస్త్రవేత్తల పునాది కూడా గట్టిగా లేదు, ఆ మాటా చెప్పుకోవాలి. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో నీల్ మిల్లర్ క్యురారే మందుతో కండరాలన్నీ పడిపోయిన ఎలుకలకు గుండె వేగం మార్చడం నేర్పామని 1969లో సైన్స్ పత్రికలో రాశాడు. పెద్ద సంచలనం. తర్వాత చూస్తే ఆ ఫలితం మళ్ళీ రాలేదు, ఆయన ప్రయోగశాలలోనే రాలేదు. ఏళ్ళ తరబడి ప్రయత్నించి, 1986లో బ్యారీ డ్వర్కిన్‌తో కలిసి రావడం లేదని తానే రాసుకున్నాడు. ఆ నిజాయితీ చూస్తే నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది.

ఇప్పటి సాక్ష్యాల సంగతి. 2017లో గోస్ల్, హాఫ్‌మన్ తదితరులు గుండె లయ బయోఫీడ్‌బ్యాక్ మీద 24 అధ్యయనాలను కలిపి చూశారు. ఒత్తిడి, ఆందోళన బాగా తగ్గుతున్నాయని తేల్చారు. కానీ మొత్తం మనుషులు 484 మంది. అంటే సగటున అధ్యయనానికి ఇరవై మంది. నా దగ్గరికి ఎవరైనా ఇరవై బిల్లులు తెచ్చి ఇదే ఏడాది టర్నోవరంటే నేను ఊరుకోను. 2023లో ఇంగ్లండులో ఫించమ్ బృందం నాలుగు వందల మందిని రెండుగా విడదీసింది. సగం మంది నిమిషానికి అయిదున్నర, సగం మంది పన్నెండు చొప్పున రోజూ పది నిమిషాలు, నాలుగు వారాలు ఊపిరి తీశారు. ఇద్దరూ బాగుపడ్డారు, ఇద్దరి మధ్యా తేడా లేదు! నా అయిదున్నరకి ఇది గట్టి దెబ్బే. వాళ్ళు మామూలు జనం, జబ్బు మనుషులు కారు, గీత చూసి నేర్చుకోలేదు అని నేను వాదించుకోవచ్చు. వాదిస్తాను కూడా. కానీ ఆ పది నిమిషాలు ఎవరూ పలకరించకుండా కూర్చోవడంలోనే సగం మందు ఉందేమోనన్న అనుమానం నాకూ ఉంది.

తలకు టోపీ పెట్టి మెదడు అలలకు శిక్షణ ఇస్తామనే న్యూరోఫీడ్‌బ్యాక్ దగ్గర నాకు ఆ మాత్రం ఊగిసలాట కూడా లేదు. 2017లో ఆస్ట్రియాలో షాబుస్ బృందం నిద్రలేమి ఉన్నవాళ్ళకి అసలు శిక్షణా, ఉత్తుత్తి శిక్షణా రెండూ ఇచ్చి చూస్తే రెండూ ఒకటే అయ్యాయి. మా పార్టీ ఒకాయన కూతురు నీట్‌కి చదువుతూ రాత్రుళ్ళు ఏడుస్తోందని ఒక సెంటరుకి తీసుకెళ్తే నలభై సిట్టింగుల ప్యాకేజీ చేతిలో పెట్టారు. ఆ పిల్ల నిద్రపోయేది అయిదు గంటలు. మెదడు మ్యాపు తియ్యకముందే చెప్పగలిగే రోగం అది.

ఇక నాకు అసలు కోపం ఉన్నది చేతి గడియారాల మీద. మా బావమరిది పుట్టినరోజుకి ఒకటి కొనిచ్చాడు, ఒత్తిడి ఎంతుందో రోజంతా అంకె వేసి చూపించేది. ఆకుపచ్చ వెలుగు వేసి, మణికట్టులో నెత్తురు పొంగే తీరును బట్టి గుండె లయ లెక్కకట్టి, దాన్ని ఒత్తిడి అని పిలుస్తుంది. మేనకోడలి పెళ్ళిలో తలంబ్రాలప్పుడు నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, "ఒత్తిడి ఎక్కువగా ఉంది, విశ్రాంతి తీసుకోండి" అంది. సంతోషానికీ భయానికీ గుండె ఒకేలా పరిగెత్తగలదు, యంత్రానికి ఆ రెంటి మధ్యా తేడా తెలియదు. ఇది నవ్వుకోవాల్సిన విషయం. నవ్వులాట కానిది ఇంకోటుంది. 1988లో ఆంకే ఏలర్స్, సహచరులు ప్యానిక్ రోగులకు వాళ్ళ గుండె ఉన్నట్టుండి వేగం పెరిగిందని దొంగ చప్పుడు వినిపించారు. నిజమని నమ్మిన రోగులకు ఆందోళన పెరిగింది, గుండె వేగమూ రక్తపోటూ నిజంగానే పెరిగాయి. నిద్ర కొలిచే పట్టీలు పెట్టుకుని, మంచి నిద్ర అంకె కోసం తపించి నిద్ర పాడుచేసుకునేవాళ్ళకి 2017లో పరిశోధకులు "ఆర్థోసోమ్నియా" అని పేరు కూడా పెట్టారు. 2021లో నా ఆక్సీమీటరు రాత్రులకు అంత మంచి పేరు ఎవరూ పెట్టలేదు.

నా మటుకు తేడా ఇక్కడ తేలింది. మేడంగారి గదిలో యంత్రం ఇరవై నిమిషాలు ఉండేది, ఏదో ఒకటి చేసి చూడటానికి ఉండేది. ఊపిరి మారుస్తాను, గీత మారుతుంది. నాకూ దానికీ మధ్య బేరం నడిచేది. గడియారం బేరానికి రాదు, తీర్పు చెబుతుంది. అద్దం ముందు నిలబడి బొట్టు సరిచేసుకోవడం ఒకటి, అద్దం చేత్తో పట్టుకుని రోజంతా మొహం చూసుకుంటూ రోడ్డు మీద నడవడం ఒకటి. రెండో పని చేసేవాడు ఏ బండి కిందో పడతాడు.

ఏడో వారం ఆవిడ కంప్యూటరు తెరను తన వైపు తిప్పేసుకున్నారు. "వేలు ఎంతుందో చెప్పండి" అన్నారు. కళ్ళు మూసుకున్నాను. వేలి కొసల్లో ఏదో సన్నగా కొట్టుకుంటున్నట్టు, కాస్త ఉబ్బినట్టు ఉంది. "32" అన్నాను. 32.6. మళ్ళీ వారం ఫోను మోగించి అడిగారు. "29... జారుతోంది" అన్నాను. 29.3. యంత్రంతో అసలు పని ఆ రోజుతో అయిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంకా నాలుగు సిట్టింగులు ఉన్నాయని ఆవిడ అనలేదు. తర్వాత మేం ఎక్కువగా మాట్లాడుకున్నది మిల్లు పార్టీ గురించి.

ఎందుకంటే చేతులు వెచ్చబడినంత మాత్రాన బిల్లులు ముందుగా రావు. ఆవిడ నాలుగుసార్లు అడిగాక, అయిదోసారి నేను పార్టీలందరికీ మెసేజ్ పెట్టాను: 12 లోపు బిల్లులు రాకపోతే ఆలస్యపు ఫీజు మీదే. ఇద్దరు వేరే వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు 14కి పంపడం మొదలెట్టారు. నా దడ తగ్గడంలో ఊపిరి వాటా ఎంత, ఈ మెసేజ్ వాటా ఎంత అంటే చిట్టా రాసి చూపించలేను. ఉద్యోగులకి ఊపిరి యాప్ ఇచ్చి, రాత్రి పదింటికి మీటింగు పెట్టే యజమానులకి మాత్రం ఈ పేరా చదివి వినిపించాలని ఉంది.

గడియారం తమ్ముడి కొడుకు తీసుకున్నాడు, వాడికి అందులో అడుగులు లెక్కపెట్టడం సరదా. ఆక్సీమీటరు డ్రాయర్లో ఉంది. మొన్న అమ్మకి దగ్గు వచ్చి, "ఏవండీ, అది ఓసారి తీయండి, అత్తయ్యగారికి చూద్దాం" అంది మా ఆవిడ. తీస్తే వెలగలేదు. దాని బ్యాటరీలు ఎప్పుడో నేనే ఏసీ రిమోట్లో వేశాను. రిమోట్లోంచి తీసి ఇందులో వేసి, అమ్మ వేలికి పెట్టాం. 97.

"నీదీ చూసుకోరా ఓసారి" అంది అమ్మ.

"నాదెందుకులే అమ్మా" అని బ్యాటరీలు తీసి మళ్ళీ రిమోట్లో వేశాను. గది అప్పటికే ఉక్కపోస్తోంది.